ఎల్లుండి ఏడో ఆట

శ్రోతలకు నమస్కారం.

ఎల్లుండి, 2025 జూన్ 23 సోమవారం ఉదయం ఐదున్నరకి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఏడో ఆట. ఆట జరిగే ఓక్లహోమా సిటీలో అప్పటికి ఇంకా ఆదివారం రాత్రే. ఓక్లహోమా సిటీ థండర్‌ మూడు ఆటలు గెలిచింది, ఇండియానా పేసర్స్‌ మూడు గెలిచింది. ఇక ఈ ఒక్క ఆటతో తేలిపోవాలి. ఫైనల్స్ ఏడో ఆట దాకా వెళ్ళడం 2016 తర్వాత మళ్ళీ ఇప్పుడే. నేను పేసర్స్ అభిమానిని. ఈ మాట మా ఆఫీసులో చెప్తే, "లేకర్స్ పేరు విన్నాం, బుల్స్ పేరు విన్నాం, ఈ పేసర్స్ ఎవరండీ?" అనేవాళ్ళే ఎక్కువ. రెండు నెలలుగా అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్తూనే ఉన్నాను. ఇవాళ మీకూ చెప్తాను.

2019 అక్టోబర్‌లో ఎన్‌బీఏ జట్లు మొదటిసారి మన దేశానికి వచ్చి ఆడాయి. ముంబయి వర్లీలో ఎన్‌ఎస్‌సీఐ డోమ్‌లో ఇండియానా పేసర్స్‌కీ శాక్రమెంటో కింగ్స్‌కీ రెండు ఆటలు జరిగాయి. సీజన్ మొదలయ్యే ముందు ఆడే ప్రాక్టీస్ మ్యాచ్‌లే. మొదటి రోజు ఆట స్కూలు పిల్లల కోసం పెట్టారు. రెండో రోజు ఆటకి నేనూ మా తమ్ముడూ హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాం. కాలేజీ టీంలో ఆడిన రోజుల నుంచీ ఎన్‌బీఏని టీవీలో చూస్తూనే ఉన్నాను, కానీ ఎదురుగా కూర్చుని చూస్తే అది వేరే ఆట. ముందు చెవులకి తెలుస్తుంది. చెక్క నేల మీద బూట్లు కీచుమంటూంటాయి. ఆటగాళ్ళు ఒక్క క్షణం నోరు మూసుకోరు. ఎడమ పక్క నుంచి మనిషి అడ్డం వస్తున్నాడని ఒకడు అరుస్తాడు, నేను చూసుకుంటాను నువ్వు వెనక్కి పో అని ఇంకొకడు అరుస్తాడు. డిఫెన్స్ అంటే సగం మాటలే. టీవీలో ఆ మాటలన్నీ కామెంటరీ కింద మునిగిపోతాయి.

ఆ రోజు పేసర్స్ 130-106తో గెలిచారు. ఆ జట్టులో మైల్స్ టర్నర్ అనే పొడుగాటి సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర ఆడేవాడు, ఉన్నాడు. టి.జె. మెకానెల్ అనే గార్డు, అంటే బంతి నడిపించేవాడు, ఉన్నాడు. మెకానెల్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. మన వీధిలో అయితే పొడుగువాడే, ఎన్‌బీఏలో మాత్రం పొట్టివాడి కింద లెక్క. కొత్త ఆటగాళ్ళని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు. ఈ ఇద్దరూ ఈ సీజన్‌లో కూడా పేసర్స్‌లోనే ఉన్నారు. మన గడ్డ మీద ఆడి వెళ్ళిన ఇద్దరు ఎల్లుండి ఫైనల్స్‌లో ఏడో ఆట ఆడబోతున్నారంటే నాకు ఒళ్ళు పులకరిస్తోంది. ఇంకో ముచ్చట. ఆ రోజు అవతలి జట్టుగా వచ్చిన శాక్రమెంటో నుంచే 2022 ఫిబ్రవరిలో టైరీస్ హాలిబర్టన్ పేసర్స్‌కి వచ్చాడు. అతని కోసం డొమాంటస్ సబోనిస్‌ని ఇచ్చేశారు. సబోనిస్ ఆటంటే నాకు చాలా ఇష్టం, ఆ వారమంతా మనసు మనసులో లేదు.

ఈ సీజన్ విషయానికొస్తే, మొదటి ఇరవై అయిదు ఆటల్లో వీళ్ళు గెలిచినవి పది, ఓడినవి పదిహేను. అక్కడి నుంచి పైకి లేచి 50 గెలుపులతో తూర్పు విభాగంలో నాలుగో స్థానానికి వచ్చారు. ఏప్రిల్‌లో ఒక పత్రిక, పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చి ఎన్‌బీఏ ఆటగాళ్ళనే ఓటు అడిగింది. ఆటకి మించి పేరొచ్చినవాడు ఎవరు అని. అందరికంటే ఎక్కువ ఓట్లు హాలిబర్టన్‌కి పడ్డాయి. తోటి ఆటగాళ్ళే వేసిన ఓట్లు అవి.

ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం జరిగే చివరి పోటీల్లో, ఏం జరిగిందో వినండి. మిల్వాకీతో ఐదో ఆటలో, ఓవర్‌టైమ్ అనే అదనపు సమయంలో, 40 సెకన్లు మిగిలి ఉండగా పేసర్స్ ఏడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. 119-118తో గెలిచారు. క్లీవ్‌లాండ్ తూర్పులో మొదటి స్థానం జట్టు, 64 ఆటలు గెలిచి వచ్చింది. వాళ్ళతో రెండో ఆటలో మళ్ళీ చివరి నిమిషంలో ఏడు పాయింట్ల తేడా. ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ త్రో హాలిబర్టన్‌కి తప్పింది. తప్పిన బంతిని తనే అందుకుని, మూడు పాయింట్ల గీత బయటికి వచ్చి, త్రీ పాయింటర్ వేశాడు. గడియారంలో 1.1 సెకను మిగిలింది. 120-119.

న్యూయార్క్‌తో మొదటి ఆట గురించి మాత్రం తొందరగా చెప్పి వెళ్ళిపోలేను. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆట. ఇంకా మూడు నిమిషాలు కూడా లేవు, పేసర్స్ 14 పాయింట్లు వెనక. నాలాంటివాళ్ళు కూడా మనసులో ఆ ఆటని వదిలేసుకునే సమయం. ఆరోన్ నెస్మిత్ ఒక్కడే వదల్లేదు. నాలుగో క్వార్టర్‌లో అతను వేసిన త్రీలు ఆరు. తేడా తగ్గుతూ తగ్గుతూ చివరి క్షణాలకి రెండు పాయింట్లయింది. హాలిబర్టన్ బంతితో లోపలికి దూసుకెళ్ళాడు. దారి మూసుకుపోయింది. బంతి చేజారబోయింది, పట్టుకున్నాడు, వెనక్కి పరుగెత్తి గీత దగ్గర ఎగిరి వేశాడు. బంతి రింగు వెనక అంచుకి తగిలి నిట్టనిలువునా పైకి లేచింది, బోర్డు పై అంచు కంటే పైకి. గంట మోగింది. బంతి ఇంకా గాల్లోనే ఉంది. తర్వాత సరిగ్గా నెట్‌లోకి దిగింది. హాలిబర్టన్ గెలిచామనుకుని చేత్తో గొంతు పట్టుకుని చూపించాడు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే న్యూయార్క్ మీద పేసర్స్ ఆటగాడు రెజీ మిల్లర్ చేసిన సైగ అది. ఆ మిల్లర్ ఆ రాత్రి అక్కడే కామెంటరీ చెప్తూ కూర్చుని ఉన్నాడు. తీరా చూస్తే హాలిబర్టన్ కాలి వేలు గీత మీద ఉంది. అది రెండు పాయింట్లే, స్కోరు సమం. ఓవర్‌టైమ్ ఆడి 138-135తో గెలిచారు.

ఇక ఫైనల్స్ మొదటి ఆట. థండర్ ఈ సీజన్‌లో 68 గెలిచిన జట్టు, డిఫెన్స్‌లో లీగ్ మొత్తానికి మొదటిది. సగం ఆట అయ్యేసరికే పేసర్స్ 19 సార్లు బంతి పోగొట్టుకున్నారు. నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్లు వెనకబడ్డారు. ఆట మొత్తంలో వాళ్ళు ముందున్నది 0.3 సెకను. హాలిబర్టన్ వేసిన చివరి షాట్ పడ్డాక మిగిలింది అంతే. 111-110. ఈ ప్లేఆఫ్స్‌లో 15 పాయింట్లు, అంతకు మించి వెనకబడి గెలవడం వాళ్ళకి అది ఐదోసారి.

"అక్కా, ఇదంతా లక్" అంటాడు మా తమ్ముడు. పేపర్లలోనూ అద్భుతం, మాయ, ఇంద్రజాలం అని రాశారు. నేను ఒప్పుకోను. ఒక్కసారి అయితే లక్ అనుకోవచ్చు. ఐదుసార్లు జరిగిందంటే దాని వెనక ఒక పద్ధతి ఉంది.

ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు. పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్ తొమ్మిది పది మందిని తిప్పుతూ ఆడిస్తాడు, ఎవరినీ అలిసిపోనివ్వడు. అవతలివాళ్ళు బాస్కెట్ వేసినా సరే, బంతిని వెంటనే అందుకుని కోర్టు గీత బయట నుంచి లోపలికి విసిరేస్తారు. మిగతావాళ్ళు అప్పటికే పరుగు మొదలుపెట్టి ఉంటారు. అవతలి జట్టుకి పాయింట్లు వచ్చాయన్న తృప్తితో ఊపిరి పీల్చుకునే తీరిక కూడా ఉండదు. బంతి ఒకరి చేతిలో ఆగదు. పరుగు, పాస్, మళ్ళీ పాస్. డిఫెన్స్‌లో ఆండ్రూ నెంబార్డ్, నెస్మిత్, మెకానెల్ అవతలి గార్డుని సగం కోర్టు దగ్గర కాదు, వాడి సొంత బాస్కెట్ కింద నుంచే పట్టుకుంటారు. ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి. ప్రతిసారీ ఇలా వెంటాడుతుంటే మొదటి క్వార్టర్‌లో ఏమీ కనపడదు. స్కోరు బోర్డు మీద పేసర్స్ వెనకబడే ఉంటారు. కానీ అవతలివాళ్ళ కాళ్ళలో ఆ లెక్క పడుతూనే ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. షాట్‌కి బలం చేతిలోంచి రాదు, కాళ్ళలోంచి వస్తుంది. కాళ్ళు అలిస్తే బంతి రింగు ముందు అంచుకి తగిలి కింద పడుతుంది. నాలుగో క్వార్టర్‌లో పేసర్స్ ఎదుటి జట్టు వేసే షాట్లు గమనించండి, ఎన్ని ముందు అంచుకి తగులుతున్నాయో. ఆ చివరి నిమిషాల మాయ మొదటి నిమిషం నుంచీ తయారవుతూ వచ్చిందే.

ఈ 24 సెకన్ల నిబంధన కథ కూడా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే దానికీ ఇండియానాకీ చుట్టరికం ఉంది. 1950 నవంబర్‌లో ఆ రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ జట్టు, మినియాపోలిస్ లేకర్స్ మీద 19-18తో గెలిచింది. మీరు విన్నది నిజమే, ఆట మొత్తానికి అంతే స్కోరు. బంతి చేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడ్డారు. జనం విసిగిపోయారు. ఇలాంటి ఆటలు చూసి చూసి 1954లో డానీ బయాసోన్ అనే జట్టు యజమాని ఒక లెక్క వేశాడు. మంచి ఆటలో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు వేస్తాయి. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. భాగిస్తే 24. ఈనాటి ఆట ఇంత వేగంగా ఉందంటే ఆ భాగహారం వల్లే. ఒకప్పుడు ఆ కదలని ఆట ఆడిన రాష్ట్రం నుంచే ఇవాళ ఇంతగా పరుగెత్తే జట్టు వచ్చింది.

మా ఇంట్లో ఈ రెండు నెలలూ ఎలా గడిచాయో చెప్తాను. ఫైనల్స్ ఆటలు మనకి ఉదయం ఐదున్నరకో ఆరుకో మొదలై, స్కూలు వ్యాన్లు వచ్చి వెళ్ళేదాకా సాగుతాయి. మూడో ఆట జూన్ 12న పడింది. తెలంగాణలో బడులు తెరిచిన రోజు. కొత్త పుస్తకాలకి అట్టలు వేయడం రాత్రే అయిపోయింది గనక సరిపోయింది. ఒక చేత్తో పిల్ల జడలు అల్లుతూ, కళ్ళు టీవీ మీద పెట్టి, స్టవ్ మీద ఉప్మా అడుగంటుతోందేమోనని ముక్కుతో కాపలా కాశాను. మా అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడకి నిబంధనలన్నీ తెలియవు, మెకానెల్ తెలుసు.

"ఆ పొట్టివాడు వచ్చాడా అమ్మాయ్?"

"వచ్చాడత్తయ్యా, ఇప్పుడే దించారు."

"అయితే ఫరవాలేదులే."

ఆవిడ అన్నట్టే జరిగింది. థండర్ వాళ్ళు బంతిని గీత బయట నుంచి తమ మనిషికే అందిస్తుంటే, ఎక్కడి నుంచి వస్తాడో తెలియదు, మధ్యలో దూరి లాక్కుంటాడు. ఆ ఒక్క ఆటలో ఐదు సార్లు లాక్కున్నాడు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళు, తమ బాస్కెట్ కిందే, తమ చేతిలోని బంతిని పోగొట్టుకుని తెల్లబోయి చూస్తున్నారు. మూడో క్వార్టర్ అయ్యేసరికి మనవాళ్ళు 84, వాళ్ళు 89. సరిగ్గా అప్పుడు వ్యాన్ హారన్ కొట్టింది. మా అమ్మాయి బ్యాగు తగిలించుకుంటూ, "అమ్మా, వ్యాన్ అంకుల్ ఫోన్‌కి మెసేజ్ పెట్టు, మర్చిపోకు" అని ఏడుపు ముఖంతో వెళ్ళింది. చివరి క్వార్టర్‌లో పేసర్స్ 32, థండర్ 18. 116-107. మెసేజ్ పెట్టాను. సాయంత్రం వచ్చాక చెప్పింది, వ్యాన్‌లో గట్టిగా చదివి వినిపించారట, ఒక్కరికీ అర్థం కాకపోయినా అందరూ చప్పట్లు కొట్టారట.

హైదరాబాద్‌లో ఈ ఆటకి అభిమానులు లేరని కొందరు అనుకుంటారు. నారాయణగూడ వై.ఎం.సి.ఎ.కి సాయంత్రం పూట ఒకసారి వెళ్ళి చూడండి. అసలు ఈ ఆట పుట్టిందే వై.ఎం.సి.ఎ. వాళ్ళ శిక్షణ పాఠశాలలో. 1891 డిసెంబర్‌లో, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, చలికాలం బయట ఆడలేక విసిగిపోయిన కుర్రాళ్ళ కోసం జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు పీచ్ పళ్ళ బుట్టలు రెండు పైన తగిలించి, 13 నిబంధనలు రాసి గోడకి అంటించాడు. అక్కణ్ణుంచి ఆ సంస్థ శాఖలున్న ఊళ్ళన్నిటికీ ఆట పాకింది, మన దేశానికీ అలాగే వచ్చింది. నాకు బాధ కలిగించేది ఒకటే. నేను చిన్నప్పుడు ఆడిన ఒక స్కూలు కోర్టులో ఇప్పుడు బస్సులు నిలుపుతున్నారు. స్తంభం ఉంది, బోర్డు ఉంది, రింగు కింద బస్సు. పది అడుగుల ఎత్తున ఒక రింగు, ఒక బంతి ఉంటే పదిమంది పిల్లలు సాయంత్రమంతా ఆడుకుంటారు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే ఆటలు ఎన్నో లేవు.

ఇండియానా వాళ్ళకి ఈ ఆట ఎంత ప్రాణమో తెలియాలంటే 1977 సంగతి వినాలి. పేసర్స్ అంతకుముందు ఏబీఏ అనే వేరే లీగ్‌లో మూడుసార్లు ఛాంపియన్లు. 1976లో ఎన్‌బీఏలో చేరాక డబ్బు కరువై జట్టు మూతపడే పరిస్థితి వచ్చింది. అప్పటి కోచ్ బాబీ లెనర్డ్, ఆయన భార్య నాన్సీ కలిసి టీవీలో టెలిథాన్, అంటే జనాన్ని సాయం అడుగుతూ గంటల తరబడి నడిచే కార్యక్రమం, పెట్టారు. 8,000 సీజన్ టికెట్లు అమ్ముడైతేనే జట్టు నిలుస్తుంది. జనం ఫోన్లు చేశారు, ఉన్నది ఇచ్చారు, జట్టుని నిలబెట్టుకున్నారు. రెజీ మిల్లర్ తర్వాత 18 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. 2000లో ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు, లేకర్స్ చేతిలో ఓడారు. ఎన్‌బీఏ కప్పు మాత్రం ఈ రోజు వరకూ వాళ్ళ ఊరికి రాలేదు. టెలిథాన్ నాడు ఫోన్ చేసిన కుర్రాళ్ళకి ఇప్పుడు డెబ్భై ఏళ్ళుంటాయి. నిన్న ఆరో ఆటలో పసుపు రంగు టీషర్టులు వేసుకుని నిలబడ్డ ఆ జనాన్ని చూస్తుంటే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

నిన్నటి ఆట నిజంగా చూడవలసిన ఆట. పేసర్స్ వేసిన మొదటి ఎనిమిది షాట్లూ తప్పాయి. అక్కణ్ణుంచి మూడో క్వార్టర్ పూర్తయ్యేసరికి ముప్పై పాయింట్లు ముందుకెళ్ళారు. 108-91. కానీ నా మనసంతా హాలిబర్టన్ కుడి కాలు మీదే ఉంది. ఐదో ఆటలో అతని పిక్క కండరం దెబ్బతింది. ఆ రోజు ఫ్రీ త్రోలు తప్ప షాట్ ఒక్కటి కూడా పడలేదు, వచ్చినవి నాలుగు పాయింట్లే. ఆరో ఆట ఆడతాడా లేదా అన్నది ఆఖరు దాకా తేలలేదు. ఆడాడు. 23 నిమిషాలు, 14 పాయింట్లు. ఆపిన తర్వాత మళ్ళీ పరుగు అందుకునే ఆ మొదటి అడుగు దగ్గర అతని ముఖం చూశాను. పిక్క నొప్పితో ఆడడమంటే ఏమిటో నాకు కొంత తెలుసు. మడమ నేలకి పూర్తిగా ఆనించబుద్ధి కాదు. ఎల్లుండి అతను ఆడొద్దని ఎవరూ ఆపలేరు, అతనూ ఆగడు. ఆ కాలు నిలబడాలని కోరుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. వచ్చే గురువారం గోల్కొండలో బోనాలు మొదలు. మా అత్తగారు ఇప్పటికే అమ్మవారికి ఓ మాట చెప్పుకున్నారు, ఏమిటని నేను అడగలేదు.

థండర్ తక్కువ జట్టేం కాదు. షై గిల్జస్-అలెగ్జాండర్ ఈ ఏటి ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. నాలుగో ఆట చివరి నాలుగున్నర నిమిషాల్లో 15 పాయింట్లు వేసి, మన చేతిలో ఉన్న ఆటని లాక్కుపోయాడు. ఫైనల్స్ చరిత్రలో ఇంతవరకూ 19 ఏడో ఆటలు జరిగితే, సొంత ఊళ్ళో ఆడిన జట్టు 15 గెలిచింది. ఎల్లుండి ఆట వాళ్ళ ఊళ్ళోనే. లెక్కలు వాళ్ళ వైపే ఉన్నాయి. ఈ రెండు నెలల్లో లెక్కలు మన వైపు ఉన్న రోజు నాకైతే గుర్తు లేదు.

మీలో ఎవరైనా లేచి చూస్తే, బంతి వెనకే కళ్ళు తిప్పకండి. అవతలివాళ్ళు బాస్కెట్ వేసిన మరుక్షణం పేసర్స్ ఏం చేస్తున్నారో చూడండి. మెకానెల్ కోర్టులోకి దిగగానే థండర్ గార్డులు బంతి అందుకునేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం చూడండి. పాస్కల్ సియాకామ్‌ని చూడండి, 2019లో టొరంటోతో కప్పు గెలిచినవాడు, జట్టు కంగారుపడ్డ ప్రతిసారీ బంతి అతని చేతికి వెళ్తుంది. గెలిస్తే సోమవారం ఆఫీసులో మిఠాయిలు నావి, పుల్లారెడ్డి డబ్బా తేవడానికి ఆదివారం సాయంత్రమే వెళ్తున్నాను. ఓడితే ఆ డబ్బా ఇంట్లో తినేస్తాం, అక్టోబర్‌లో కొత్త సీజన్ మొదలైన రోజు మళ్ళీ వీళ్ళ ఆటే పెట్టుకుని కూర్చుంటాం.

నమస్కారం.